అన్నం చల్లారలేదు

పోయిన నెల ఒక సాహిత్య సభకు వెళ్లి కోపం తెచ్చుకుని ఇంటికొచ్చాను. ఇంకా తగ్గలేదు. తగ్గకముందే రాసేద్దామని కూర్చున్నాను, ఎందుకంటే నాకు కోపం తగ్గితే బద్ధకం వస్తుంది.

ఆ రోజు మాట్లాడాల్సిన విషయం నవలల్లో మొదటి వాక్యం. వేదిక మీదున్నాయన బాగా చదువుకున్నవాడే, గొంతు కూడా మంచిది. మొదటి వాక్యం గాలం లాంటిదన్నాడు. పాఠకుడు ఒకసారి చిక్కుకుంటే చాలు, ఆఖరి పేజీ దాకా లాక్కుపోవచ్చన్నాడు. పాఠకుణ్ణి చేప అనుకునే మనిషి దగ్గర మనం నేర్చుకునేదేముంది అని గొణుక్కుంటూ వింటున్నాను. తర్వాత తెర మీద ఒక్కొక్క వాక్యం వేసి చూపించడం మొదలుపెట్టాడు. నాలుగోదో ఐదోదో, ఒక పాత నవలది. ఇప్పటికీ అచ్చవుతూ ఉంటుంది.

'ఆమె వెళ్లిపోయిందని తెలిసేసరికి, ఆమె వండిన అన్నం చల్లారిపోయింది.'

హాల్లో నలుగురైదుగురు ఆహా అన్నారు. చల్లారిన ఆ అన్నంలో ఒక ఇంటి దుఃఖమంతా ఉందని ఆయన వివరించాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ అన్నం చల్లారలేదు. ఆ సంగతి నాకు తెలిసినట్టు వేదిక మీద ఎవరికీ తెలియదు. ఆ వాక్యం పుట్టినప్పుడు నేను రెండు గజాల దూరంలో కూర్చుని ఉన్నాను, నా వేళ్లకు మైదా లై అంటుకుని ఉంది.

అప్పుడు మా ఇల్లు పురానాపూల్ దగ్గర, మూసీ వైపు దిగే ఒక సన్నటి గల్లీలో ఉండేది. ఇప్పుడు ఆ చోట ఎవరిదో గోదాము ఉంది, షట్టర్ ముందు లారీలు నిలబడతాయి. నాన్న బస్సుల వర్క్‌షాపులో ఫిట్టర్. పొద్దున టిఫిన్ డబ్బా పట్టుకుని వెళ్తే సాయంత్రం గ్రీజు వాసనతో వచ్చేవాడు. మగవాళ్లు పనుల్లోకి వెళ్లాక గల్లీ ఆడవాళ్లందరూ మా ఇంటి వాకిట్లో చేరేవాళ్లు. కిందంతా మా వాటా, మీద ఒక గది అద్దెకిచ్చాం, వాకిలి మాత్రం మాకే పెద్దది.

వాళ్ల పని కాగితపు సంచులు అంటించడం. చక్కెర, పప్పు, ఎండుమిరపకాయలు అన్నీ ఆ సంచుల్లోనే కట్టిచ్చే రోజులవి. టోకు బజారులో తాతల నాటి నుంచి దుకాణం నడుపుతున్న సేటు ఒకాయన తోపుడుబండి మీద రద్దీ, అంటే చిత్తు కాగితాల కట్టలు పంపేవాడు. వాటిని మడిచి, అడుగు అంటించి, ఎండబెట్టి, కట్టలు కట్టి పంపాలి. లై ఉడికించడం అమ్మ పని. మైదాలో పురుగు పట్టకుండా కొంచెం మైలతుత్తం వేసేది. ఆ వాసన వేడివేడిగా ముక్కుకు కొట్టేది. దానికి పాత కాగితం వాసన, ఎండాకాలం మూసీ మీంచి వచ్చే వాసన, ఎదురింట్లో మాడిన పోపు వాసన అన్నీ కలిసేవి. ఇప్పుడు ఆ కంపు ఎక్కడైనా దొరికితే నిలబడి పీల్చుకుంటానేమో.

రద్దీలో దినపత్రికలతో పాటు పుస్తకాలూ వచ్చేవి. ఎక్కువగా నవలలే, కానీ ఒక్కదానికీ తల ఉండేది కాదు. రద్దీవాడు అట్టలు చింపి విడిగా అమ్ముకునేవాడు. లైబ్రరీ ముద్రో, ఎవరి పేరో ఉంటుందని ముందరి కాగితాలు కూడా చింపేసేవాడు, ఎక్కడి పుస్తకమో ఎవరూ పోల్చుకోకుండా. అందుకని మా గల్లీలో ఏ నవలైనా పదిహేడో పేజీలోనో, ఇరవై మూడో పేజీలోనో మొదలయ్యేది. పేరు తెలియదు, రాసిందెవరో తెలియదు, ఎలా మొదలైందో అసలే తెలియదు. 

ఎండాకాలం సెలవుల్లో చదివి వినిపించే పని నాది. ఎనిమిదో తరగతి పరీక్షలు రాసి ఉన్నాను, కూడబలుక్కోకుండా చదువుతానని నాకు మహా పొగరు. చదివిన పేజీ చదివినట్టే చింపి మడతకివ్వాలి. కథ చివరికి వచ్చేసరికి పుస్తకం మొత్తం సంచులైపోయేది. బాగా నచ్చిన పేజీలు నేను లంగా కింద దాచేదాన్ని. ఒకసారి లేచి నిలబడితే ఒక పెళ్లి, ఒక హత్య కలిసి కిందపడ్డాయి. అమ్మ నెత్తిన మొట్టింది. మిగతావాళ్లు పగలబడి నవ్వారు, ఆ హత్య చేసిందెవరో ముందే చెప్పమని బతిమాలారు.

తల లేని పుస్తకం చదవడం వాళ్లకు నచ్చేది కాదు. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నారు. ముందు నేను ఒకటి రెండు పేజీలు చదవాలి. ఆపాక, ఈ కథ ఏ మాటతో మొదలై ఉంటుందో తలా ఒకటి చెప్పాలి. దీన్ని వాళ్లు 'తల పెట్టుడు' అనేవాళ్లు. అమ్మకు ఎప్పుడూ రాజులే. సైకిల్ షాపు వాడి కథైనా సరే, ఒక రాజ్యంలో ఒక రాజుండె అని మొదలుపెట్టేది. ఎదురింటి అక్క పెట్టిన ప్రతి తలలోనూ తెల్లవారేది. కోడి కూసిందనేది, చీపురు చప్పుడనేది. నీ పుస్తకాలల్ల పగలు కానే కాదా అని అందరూ ఆమెను ఏడిపించేవాళ్లు. ఉప్పూకారం అద్దిన పచ్చిమామిడి ముక్కల గిన్నె మధ్యలో పెట్టుకుని, లై అంటిన చేతులతో తీసుకోలేక ఒకరి నోట్లో ఒకరు పెట్టుకుంటూ ఈ ముచ్చట సాగేది.

తీర్పు చెప్పేది ఆయమ్మ. పక్కింటి ముసలామె, ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరైంది, ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి వెళ్లేది. ఆమె తీర్పు చాలా సులువు. మొదటి మాట వినగానే సంచి అంటించే తన చెయ్యి ఆగిందా, అది తల. ఆగలేదా, కాదు. సాయంత్రం బండివాడు వచ్చేలోపు కట్టలు సిద్ధం కావాలి గనక ఆ చెయ్యి ఊరికే ఆగేది కాదు. వారానికి ఒకసారి ఆగితే ఎక్కువ.

ఒకరోజు, మొదటి మాటకు అంత పట్టింపు ఎందుకని అడిగాను. ఆమె సంచి మడుస్తూనే చెప్పింది.

"ఆసుపత్రిల మస్తు కాన్పులు చూసిన బిడ్డా. తల సక్కగ వచ్చిందంటే మిగిలింది దానంతటదే వస్తది. తల అడ్డం తిరిగితే తల్లికి కష్టం, పిల్లకు కష్టం, మాకు కష్టం."

ఈ ఒక్క మాట ముందు ఆ సభలో గాలం కబుర్లు ఎందుకు పనికొస్తాయో మీరే చెప్పండి.

ఆ పెట్టిన తలలన్నీ నేను ఒక నోట్‌బుక్కులో రాసుకునేదాన్ని. ఎవరు పెట్టారో పక్కన రాసేదాన్ని, ఆయమ్మ చెయ్యి ఆగితే చుక్క గుర్తు వేసేదాన్ని. ఆ ఎండాకాలం మొత్తానికి చుక్కలు ఐదో ఆరో ఉంటాయి.

సెలవులు మొదలైన కొద్దిరోజులకే మా మేనత్త వచ్చింది. నాన్నకు చెల్లెలు, సైదాబాద్‌లో ఇచ్చారు. ఉమ్మడి కుటుంబం, పదిమంది తినే ఇల్లు, పిల్లలు లేరు. మిట్టమధ్యాహ్నం, చేతిలో సంచి కూడా లేకుండా, అంత దూరం నడిచి వచ్చింది. కాళ్లు కడుక్కుని వచ్చి మా మధ్య కూర్చుని ఒక కాగితం తీసుకుని మడవడం మొదలుపెట్టింది. ఏమైందని అమ్మ అడిగితే ఏం కాలే అంది. కొట్టారా అంటే లేదు, తిట్టారా అంటే లేదు. నాన్న సాయంత్రం వచ్చి అడిగాడు, అదే జవాబు. ఏం కాకపోతే ఎందుకొచ్చినవ్ అని నాన్న గొంతు పెంచాడు. ఆమె లేచి అన్నం వడ్డించింది.

అటునుంచి ఎవరూ వెతుక్కుంటూ రాలేదు. ఒకరోజు గడిచింది, మూడు రోజులు గడిచాయి. గల్లీలో చెవులు కొరుక్కోవడం మొదలైంది. నాన్న చెడ్డవాడు కాదు, కానీ నలుగురి నోటికి భయపడే మనిషి. వాళ్లొచ్చి అడిగితే మర్యాదగా పంపించేస్తానని అమ్మతో అన్నాడు. కారణం చెప్పని ఆడమనిషిని ఏమని ఉంచుకోవాలి, పెద్దమనుషులు అడిగితే ఏం చెప్పాలి అన్నాడు. అత్త గోడవతల గిన్నెలు తోముతూ ఉంది. ఆమె వినాలనే అన్నాడని నా అనుమానం. ఆమె ఉంటుందా పోతుందా అన్నది ఆమె నోరు విప్పి ఒక కారణం చెప్పడం మీదే ఆగింది. ఆమె దగ్గరేమో చెప్పుకోదగ్గ కారణం లేదు. వాత లేదు, గాయం లేదు, తాగుబోతు మొగుడు కాదు.

అలా ఆరేడు రోజులయ్యాక ఒక మధ్యాహ్నం కొత్త పుస్తకం తీశాను. పంతొమ్మిదో పేజీ. ఒక ఇంట్లో అందరూ లేచి ఎవరినో వెతుకుతున్నారు. పెరట్లో చూస్తారు, మేడ మీద చూస్తారు, బావి దగ్గర చూస్తారు. చదివి ఆపాను. అమ్మ ఒక రాజును ప్రవేశపెట్టింది. ఎదురింటి అక్క తెల్లవార్చింది. ఆయమ్మ చెయ్యి టకటకా నడుస్తూనే ఉంది. అప్పటిదాకా ఒక్కసారీ తల పెట్టని మా అత్త, గోడకు ఆనుకుని, ఒళ్లో కాగితం మీంచి కళ్లెత్తకుండా చెప్పింది.

"అది పోయిందని ఇంట్ల ఎరుకయ్యేటాళ్లకు, అది వండిపెట్టిన బువ్వ అయిపోయింది."

ఆయమ్మ చెయ్యి ఆగింది. అందరి చేతులూ ఆగాయి. ఎదురింటి అక్క వేలి చివరనుంచి లై ఆమె చీర మీద కారుతోంది, ఆమె చూసుకోలేదు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎవరూ బాగుందనలేదు. బాగుందనే మాట ఎవరికీ తోచలేదనుకుంటాను. ఆయమ్మ మెల్లగా అడిగింది.

"మంచిగ తిన్నరా బిడ్డా వాళ్లు?"

"తిన్నరు. రోజు లెక్కనే గంజు గీకి తిన్నరు," అంది అత్త.

సాయంత్రపు అసర్ నమాజుకు పిలుపు వినబడింది, బండి వచ్చే వేళవుతోందని మళ్లీ పనిలో పడ్డారు. నేను నోట్‌బుక్కులో ఆ మాట రాసి చుక్క పెట్టాను. ఆ పుస్తకంలో తర్వాత ఏం జరిగిందో ఇప్పుడు ఒక్క ముక్క గుర్తులేదు. ఆ మొదటి మాట మాత్రం గుర్తుంది, ఎందుకు గుర్తుందో కూడా తెలుసు. అది వినగానే ఆ ఇల్లు కళ్లముందుకొస్తుంది, అందులో వరసగా కూర్చున్న మనుషులు వస్తారు. పోయిందెవరో, ఎందుకో, ఎవరు ముందు గమనించారో తెలుసుకోవాలనిపిస్తుంది. అంతకన్నా ముందు కొంచెం సిగ్గేస్తుంది, ఎందుకో తెలియకుండానే.

మీద గదిలో అద్దెకున్నాయన ఏదో ఆఫీసులో గుమాస్తా, కథలు రాస్తాడని గల్లీలో అందరూ రైటర్ సారు అనేవాళ్లు. ఆఫీసుకు సెలవు పెట్టి రాసుకునే రోజుల్లో మెట్ల మీద కూర్చుని మా చదువు వినేవాడు. నన్ను చూస్తే మెచ్చుకునేవాడు. ఉచ్చారణ బాగుందమ్మాయ్ అనేవాడు. తలలున్న పుస్తకాలు రెండు చదువుకోమని ఇచ్చాడు. సెలవుల చివర్లో ఒకరోజు, నీ నోట్‌బుక్ ఒకసారి చూసి ఇస్తానన్నాడు. పరిగెత్తుకెళ్లి తెచ్చిచ్చాను. ఆడవాళ్లెవరినీ అడగలేదు. అడగాలని తోచలేదు. పేజీలు తిప్పుతూ శభాష్ అన్నాడు. ఆ శభాష్‌తో రెండు రోజులు నేల మీద నడవలేదు. ఇన్నేళ్లయినా ఆ పిల్ల చెంప పగలగొట్టాలనిపిస్తుంది.

అత్త వచ్చిన ఎనిమిదో రోజు సైదాబాద్ నుంచి వచ్చారు. అత్త భర్త, ఆయన అన్న, వాళ్ల తరఫు పెద్దమనిషి ఒకాయన. నాన్న ఆ రోజు సెలవు పెట్టి కుర్చీలు వేయించాడు, పత్తర్‌గట్టి దాకా వెళ్లి బిస్కెట్లు తెచ్చాడు. ఆమెను అప్పగించి పంపేసే మర్యాదంతా సిద్ధంగా ఉంది. ఆడవాళ్లు లేవమంటే లేవలేదు. బండి వచ్చే రోజు, పని ఆపలేమని ఆయమ్మ గట్టిగా చెప్పి వాకిట్లోనే కూర్చుంది. అత్త తలుపు వెనక నిలబడింది.

భర్త బదులు ఆయన అన్నే మాట్లాడాడు. ఆమెకు ఏం తక్కువ చేయలేదని, తమ ఇంట్లో ఆడవాళ్ల మీద చెయ్యెత్తే అలవాటు లేదని, చెప్పకుండా రావడం పరువు తక్కువని, ఎంతో ఫికరైందని చెప్పుకొచ్చాడు. పెద్దమనిషి తలాడించాడు. నాన్న కూడా తలాడించాడు. పిల్లది తెలియక వచ్చింది, రేపు పొద్దున తీసుకుపోండి అనే మాట నాన్న నోటి చివరి దాకా వచ్చిందని అమ్మ తర్వాత చెప్పింది.

అప్పుడు ఆయమ్మ తలెత్తకుండా అడిగింది.

"ఆ దినం ఆమె ఇంట్ల లేదని మీకు ఎప్పుడు ఎరుకైంది నాయినా?"

"మాపటికి," అన్నాడాయన. "బువ్వకు కూసున్నం. గంజు జూస్తె ఖాళీ ఉండె. వడ్డిస్తలేరేందని పిలిచినం. అప్పుడు లేదని ఎరుకైంది."

"పొద్దుగాల ఆమె వండిపోయిన బువ్వ?"

"తిన్నం గదా పగటీలి. ఇగ ఏం జేస్తం?"

ఆయన మొహంలో తప్పు చేశానన్న జాడ లేదు. అడిగారు, చెప్పాడు. వాకిట్లో మళ్లీ చేతులన్నీ ఆగాయి. అత్త ఆ మాట అన్న మధ్యాహ్నం నాన్న వాకిట్లో లేడు. తల పెట్టుడు సంగతి అమ్మ చెప్తే, అవన్నీ పుస్తకాల ముచ్చట్లు, నా ముందర తేకు అని కసిరాడు. ఇప్పుడు అదే మాట ఆ ఇంటి మనిషి నోటి నుంచే విన్నాడు. చేతిలో చాయ్ సాసర్‌ను నేల మీద పెట్టాడు.

"ఇగ మీరు పోండ్రి అన్నా. నా చెల్లె ఈడనే ఉంటది," అన్నాడు.

పెద్దమనిషి ఏదో అనబోతే నాన్న లేచి నిలబడ్డాడు. బిస్కెట్ల ప్లేటు అలాగే ఉండిపోయింది. వాళ్లు వెళ్లాక మేమే తిన్నాం. నాన్న జీవితంలో చేసిన ఒకే ఒక్క సాహసం అది. అందుకు ఆయన్ని ఎన్నో విషయాల్లో క్షమించాను. కొట్టి ఉంటే చూపించడానికి గాయం ఉండేది. ఏమీ లేని చోట ఆమెకు మిగిలింది ఆ ఒక్క మాట, అదే ఆమెను నిలబెట్టింది.

ఇక కోపం సంగతికి వస్తాను.

బడి తెరిచి రెండు మూడు నెలలయ్యాక రైటర్ సారు వారపత్రిక పట్టుకుని కిందికి దిగాడు. ఆయన నవల సీరియల్‌గా మొదలైందట. నీ నోట్‌బుక్ ఎంత పనికొచ్చిందో చూడమ్మాయ్ అని నా చేతికిచ్చాడు. నేను, గాడిదను, సంబరపడుతూ వాకిట్లోకి పరుగెత్తి అందరికీ వినిపించేలా మొదటి వాక్యం చదివాను. ఆమె వెళ్లిపోయిందని తెలిసేసరికి, ఆమె వండిన అన్నం చల్లారిపోయింది. ఆయమ్మ చెయ్యి ఆగలేదు. 

మళ్లీ చదవమంది అత్త. చదివాను. సల్లారిందా అని అడిగింది. అవును, అలా అంటే వినడానికి బాగుంటుందన్నాను. ఆ తెలివి సారు దగ్గర అరువు తెచ్చుకున్నదే. అత్త చేతులకున్న లై కడుక్కుని, తుడుచుకుని, మెట్లెక్కి మీదికి వెళ్లింది. ఆమె ఆ మెట్లు ఎక్కడం అదే మొదలు. నేను వెనకే వెళ్లి సగం మెట్ల దగ్గర నిలబడ్డాను.

"నా మాట తీసుకున్నరు సారూ. తీసుకుంటె తీసుకున్నరు గని, దాన్ని అబద్ధం జేసిన్రు," అంది. "సల్లారలే. తిన్నరు."

ఆయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. చిన్నపిల్లకు చెప్పినట్టు ఓపిగ్గా చెప్పాడు. "నువ్వు చెప్పింది మాటమ్మా, నేను రాసింది వాక్యం. అయిపోయింది అంటే మొరటుగా ఉంటుంది. చదివేవాళ్లు ఇబ్బంది పడతారు."

"పడనియ్యిండ్రి," అని ఆమె దిగి వచ్చేసింది.

ఆ తర్వాత ఆమె ఏ పుస్తకానికీ తల పెట్టలేదు. మిగతావాళ్లకూ ఉత్సాహం పోయింది. మీద మెట్ల మీద ఒక చెవి ఉందని తెలిశాక ఎవరి నోరు లేస్తుంది? ఎదురింటి అక్క తెల్లవార్చడం కూడా మానేసింది. నేను నోట్‌బుక్ తిరిగిమ్మని రెండుసార్లు అడిగాను, వెతికి ఇస్తానన్నాడు. ఏడాది తిరక్కుండా గది ఖాళీ చేశాడు. అందులో అమ్మ రాజులున్నారు, ఆయమ్మ చుక్కలున్నాయి, ఆ గల్లీ ఆడవాళ్లు ఒక ఎండాకాలమంతా ఆలోచించిన ఆలోచన ఉంది. అదంతా సామాన్ల బండి ఎక్కి వెళ్లిపోయింది. తర్వాత ప్లాస్టిక్ సంచులు వచ్చాయి, సేటు రద్దీ పంపడం ఆపేశాడు, ఆ వాకిట్లో కూర్చోవడానికి ఎవరికీ సాకు లేకుండా పోయింది.

కాలేజీలో ఉన్నప్పుడు ఆ నవల తెచ్చి పళ్లు కొరుక్కుంటూ మొత్తం చదివాను. వెళ్లిపోయిన ఆమె మూడో పేజీ తర్వాత కనబడదు. ఆమె లేక ఆ ఇంటాయన ఎంత కుమిలిపోయాడన్నదే నవలంతా. అప్పుడు అర్థమైంది అన్నం ఎందుకు చల్లారిందో. చల్లారిందంటే ఎవరూ తినలేదని. దిగులుతో ముద్ద దిగలేదని. గంజు గీకి తిన్నవాళ్లకు లేని దుఃఖాన్ని ఆయన దానం చేసి, వాళ్లను ఎత్తి పక్కన కూర్చోబెట్టాడు. మా అత్త మాటలో వాళ్లు తప్పించుకునే సందు లేదు. ఆయన వాక్యంలో దర్వాజా బార్లా తెరిచి ఉంది. దాన్ని మొదటి వాక్యమని, గాలమని తెర మీద వేసి చూపిస్తున్నారు.

అందుకే సభలో ప్రశ్నల సమయం వచ్చినప్పుడు లేచాను. మైకు అడిగి తీసుకున్నాను. ఆ వాక్యం ఎవరిదో, ఎక్కడ పుట్టిందో, అందులో ఏ మాట మార్చారో చెప్పాను. అత్త మాటను అత్త అన్నట్టే, ఆ యాసలోనే చెప్పాను. వేదిక మీదాయన చాలా మర్యాదగా నవ్వాడు. ఆసక్తికరమైన జ్ఞాపకం మేడమ్ అన్నాడు. ఇలాంటి వాటికి రాతపూర్వకమైన ఆధారం ఉంటే పరిశోధకులకు ఉపయోగం అన్నాడు. నోట్‌బుక్ నేనే చేతులారా ఇచ్చానని ఏ మొహం పెట్టుకుని చెప్పను? తర్వాతి ప్రశ్నకు మైకు వేరేవాళ్లు తీసుకున్నారు. కూర్చున్నాను.

పక్క కుర్చీలో నా కన్నా చాలా చిన్నామె ఒకావిడ ఉంది. కూతురికి వ్యాసరచనలో బహుమతి ఇస్తున్నారని వచ్చిందట. సభ సగం దాకా ఫోను చూసుకుంటూనే ఉంది. ఇప్పుడు ఫోను ఒళ్లో బోర్లించి నా వైపు తిరిగింది. గొంతు తగ్గించి అడిగింది.

"మేడమ్, మరి ఆమె తిన్నదా? తిని పోయిందా, తినకుండనే పోయిందా?"

నాకు తెలియదు.

ఆయమ్మ వాళ్లు తిన్నారా అని అడిగింది. నేను అన్నం చల్లారిందా, అయిపోయిందా అని ఇన్నేళ్లు లోకంతో కొట్లాడాను. అంతమందికి వండిపెట్టి, సైదాబాద్ నుంచి ఎండలో నడిచి వచ్చిన మనిషి కడుపులో ఏమైనా ఉందా అని ఆ రోజు వాకిట్లో ఎవరూ అడగలేదు. రాగానే ఆమె కాగితం తీసుకుని మడుస్తుంటే మడవనిచ్చాం. సాయంత్రం మా నాన్నకు ఆమే వడ్డించింది. ఆమె మాట విన్నాక కూడా, ఆమెను ఉంచుకున్నామని మురిసిపోయాక కూడా, ఆమె మా ఇంట్లో ఆఖరి దాకా వండుతూనే ఉంది. నా పెళ్లయ్యే దాకా ఆమె చేతి వంటే తిన్నాను. మేం వరసగా కూర్చునేవాళ్లం, ఆమె నిలబడి వడ్డించేది, గంజు ఖాళీ అయ్యాక చేతులు కడుక్కునేవాళ్లం.

ఆ తర్వాత ఆమె వంటింట్లో ఏం తినేదో నేను ఒక్కనాడూ లేచి వెళ్లి చూడలేదు.